నశ్యం రంగు తువ్వాలు

ఆ ఉదయం అమ్మన్న రోజూలాగే తన నశ్యం రంగు తువ్వాలును తానే ఉతికి, దడి మీద ఆరేసి, ఇసుక పడవెక్కాడు. మధ్యాహ్నం గోదావరిలో మునిగినవాడు మళ్లీ తేలలేదు. తోటివాళ్లు వెదికి పైకి తెచ్చేసరికి ప్రాణం లేదు. దరియాలతిప్పలో అతని ఇంటిముందు జనం చేరేవేళకు తువ్వాలు ఇంకా పూర్తిగా ఆరలేదు.

భార్య సత్యవతమ్మకు ఆ తువ్వాలంటే అసహ్యం. పెళ్లినాటికి మొగుడికి ఏ అలవాటూ లేదు. గెడ పట్టుకుని ఏటి అడుగుకు దిగి, గమేళా నిండా ఇసుకతో లేవడం ఒక్కటే తెలుసు.

ఎనభై రెండు వేసవిలో ముక్కు వెంట నెత్తురు మొదలైంది. వేడి చేసిందన్నారు అందరూ. నెత్తిన చన్నీళ్లు పోశారు, ఉల్లిపాయ వాసన చూపించారు. ఆగేది, మళ్లీ వచ్చేది. ముక్కు మూసుకుపోయి అతని మాట బిందెలోంచి వస్తున్నట్టయింది.

యానాం ఆసుపత్రి డాక్టరు లైటు వేసి చూశారు. లోపల ఎర్రటి కండ, దాని మీద రవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు.

"ఏం పని చేస్తావు?"

"ఇసుక తీస్తానండి. మునిగి."

"వేడి కాదయ్యా ఇది. బూజు జాతి జబ్బు, అరుదుగా వస్తుంది. నీళ్లలోంచి ముక్కులో చేరుతుంది. మాత్రలకు లొంగదు. కోయించి, మొదలు కాల్పించాలి. కాకినాడకు రాసిస్తాను. ఆ తర్వాత కూడా మునుగుతూ ఉంటే మళ్లీ మొలుస్తుంది, జాగ్రత్త."

కాకినాడలో కోశారు. తిరుగు బస్సులో సత్యవతమ్మ ఒట్టు వేయించుకుంది.

"మళ్లీ నెత్తుటిచుక్క కనపడిందా, గోదాట్లో కాలెట్టనివ్వను. పడవకి అడ్డంగా పడుకుంటాను."

"నువ్వు పడుకుంటే పడవ మునిగిపోద్దే," అని నవ్వబోయి, ముక్కు సలిపి మూలిగాడు అమ్మన్న.

ఆ ఏడాదంతా వలలు బాగుచేశాడు, కనకాలపేట చేలల్లో కూలికెళ్లాడు. మనసు నిలవలేదు. మరుసటేడు మళ్లీ పడవెక్కాడు. నెత్తురు లేదు కదా అని ఆమె ఊరుకుంది. కొన్నాళ్లకు ఈ పాడలవాటు పట్టుకుంది: మొలలో నశ్యం డబ్బా, భుజాన ఏ మరకా కనపడని ముదురు రంగు తువ్వాలు.

"డాక్టరుగారు బాగుచేసిన ముక్కులో దుమ్ము కూరతావా? తుమ్మయినా రాదేంటి నీకు?"

"అలవాటైనోడికి తుమ్మేంటే?"

"ఛీ, ఆ గుడ్డ నేను ముట్టను."

"నేనే ఉతుక్కుంటాలే."

ఆ మాట చివరిరోజు దాకా నిలబెట్టుకున్నాడు.

పెద్దదినం నాడు, పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టాలి. చేపల పులుసు, గారెలు, చుట్టాలు తెచ్చిన అరటిపళ్లు అన్నీ సర్దింది సత్యవతమ్మ. అన్నాళ్లూ తిట్టిపోసిన నశ్యం కూడా పెడదామనిపించి లూయిస్ కొట్టుకు వెళ్లింది. ఊళ్లో అది దొరికేది అక్కడే.

"మా ఇంటాయన ఎప్పుడూ కొనే నశ్యం ఇవ్వు, లూయిసూ."

లూయిస్ తెల్లబోయాడు.

"అమ్మన్నా? ఖాళీ డబ్బా ఒకటి అడిగి పట్టుకెళ్లాడు గానీ, ఏనాడూ చిటికెడు కొనలేదు వదినా."