పెద్దమ్మ ఇచ్చిన వాకిలి

మా పక్కింటి పెద్దమ్మ పోయిన వారం కుప్పం ఆస్పత్రిలో కన్నుమూసింది. మాకు చుట్టమేమీ కాదు. కాపురానికొచ్చిన కొత్తలో నోరారా పెద్దమ్మా అని పిలిచాను, అంతే, అలాగే నిలిచిపోయింది. ఫోన్లో కబురు విన్నాక మా అత్తకు ఎలా చెప్పాలో తెలియక వంటింట్లోనే నిలబడిపోయాను. వాళ్ళిద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు.

గొడవ ఒక కోడిది. పెద్దమ్మ కోడి మా అత్త ఆరబోసిన శనక్కాయలు తిన్నదట, ఆ కోడికి కాలు విరిగిందట. ఎవరు విరగ్గొట్టారో తేలనే లేదు. అప్పట్నుంచి "మీ అత్తకు చెప్పు" అని ఆమె, "ఆమెకు చెప్పు" అని ఈమె. ఇద్దరూ నా ఎదురుగానే ఉండేవాళ్ళు, మధ్యలో నేను.

గుడుపల్లె దగ్గర మా పల్లెలో ఇళ్ళు అక్కడొకటి, ఇక్కడొకటి. నేలంతా బండ. మరుగుదొడ్డికి లోతుగా గుంత తవ్వలేక అందరమూ చేనుగట్లకే పోయేవాళ్ళం. పక్షవాతంతో అత్తకు ఎడమకాలు పడిపోయాక, నేను పట్టుకుని తీసుకుపోతుంటే సిగ్గుతో దారి పొడుగునా ఏడ్చేది.

అప్పుడే గాలితో మురుగు లాగే పథకం మా పల్లెకొచ్చింది. ఇంటింటికీ మరుగుదొడ్డి కట్టి, సన్నటి పైపులు పైపైనే పరిచి, రెండిళ్ళకు కలిపి ఒక తొట్టి పూడుస్తారు. తొట్టి నిండగానే లోపలి మూత తెరుచుకుంటుంది, ఊరి బయటి మోటరు మురుగంతా లాగేసుకుంటుంది. మా వాకిట్లో గడ్డపార వేస్తే నిప్పురవ్వలే లేచాయి. మట్టి ఉన్నది పెద్దమ్మ వాకిట్లోనే, అదీ ఆమె ముగ్గేసే చోట. ఆమె ఒప్పుకోకపోతే మా అత్తకు మళ్ళీ చేనుగట్టే గతి.

"గడప ముందర ఎవురన్నా పెంటగుంత పెట్టుకుంటారా?" అని పుంగనూరు నుంచి వచ్చిన ఆమె కొడుకే అడ్డం తిరిగాడు. పెద్దమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ తలెత్తకుండానే అంది: "దానికీ నాకూ మాటల్లేవు, నిజమే. దానికి కాలు గూడా లేదు గదప్పా. ఈడే తవ్వమను."

ఆ మాటకు నేను ఈ జన్మకు రుణపడిపోయాను.

కొత్తలో తొట్టి వాసన కొట్టింది. మిషను చెడిపోయిందని పెద్దమ్మ ఒకటే గోల. పథకం మనిషి వచ్చి చూస్తే చెడిందేమీ లేదు. నీళ్ళకు మొహం వాచిన సీమ వాళ్ళం కదా, బియ్యం కడిగిన నీళ్ళు ఎనుముకూ, స్నానం నీళ్ళు అరటిచెట్టుకూ పోసేస్తున్నాం. తొట్టి నిండితే గానీ గాలి లాగదు. ఆనాటి నుంచి పెద్దమ్మ రోజూ ఒక బకెట్ నీళ్ళు గొణుక్కుంటూ దాన్లోకి వదిలేది. "అరిటిసెట్టు నోట్లోది తీసి గుంతకు పోస్తాండా. అంతా మీ అత్త పున్నెమే!"

మురుగు లాగేటప్పుడు ఉస్సుమని చప్పుడొచ్చేది. మీకు నవ్వు రావచ్చు గానీ, ఆ చప్పుడే మా రెండిళ్ళ యోగక్షేమం. పొద్దున వినపడకపోతే పెద్దమ్మ గోడ దగ్గరికి వచ్చేది.

"ఏమ్మే, ఇంకా సప్పుడు రాలా. మీ అత్త బాగుండాదా?"

నేను నవ్వితే, "నాకేమిలే, గుంత నా వాకిట్లో ఉండాది గదా, అడక్క తప్పదు" అనేది.

లోపల్నుంచి అత్త, "బాగుండానని ఆమెకు చెప్పు" అనేది, గోడ అవతలికి వినపడేంత గట్టిగా.

చివరికి అత్తకు కబురు చెప్పాను. పెద్దమ్మను తెచ్చి వాకిట్లో పడుకోబెట్టగానే నా చేయి పట్టుకుని కాలీడ్చుకుంటూ వెళ్ళింది. తల దగ్గర కూలబడింది. ఏమైనా చెప్పమంటుందేమోనని వంగాను. నా వైపు చూడనే లేదు.

"అక్కా, నేనొచ్చిండాను," అంది.

పైటచెంగుతో ఆ ముఖం మీద వాలే ఈగలను తోలుతూ, చెవి దగ్గరికి వంగి మెల్లగా చెబుతూనే ఉంది. ఎత్తే వేళయిందని మగవాళ్ళు వచ్చి నిలబడితే చేయి అడ్డం పెట్టింది.

"ఉండండప్పా, ఇంకా సెప్పాల్సింది ఉండాది."