చిటికెనవేలు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. నంద్యాలలో ఒక ప్రైవేటు స్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. శబ్దం పుట్టాలంటే ఏదో ఒక వస్తువు కంపించాలని ఏటా పిల్లలచేత వల్లె వేయించేదాన్ని. ఇప్పుడు ఆ పాఠం వస్తే కొంచెం తొందరగా ముగించేస్తున్నాను.

మా ఆయన బ్రహ్మం ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కుతారు. ఎడమచేతివాటం మనిషి. అక్కడ మా వీధినిండా శిల్పుల షెడ్లే కాబట్టి ఏ సుత్తి చప్పుడు ఎవరిదో ఇళ్లలో ఆడవాళ్లకు కూడా తెలిసిపోతుంది. మా ఆయనది మూడు దెబ్బలు, ఆగి నోటితో పొడి ఊదడం, మళ్లీ మూడు దెబ్బలు.

చిన్నప్పుడు తలుపు సందులో నలిగి నా కుడిచేతి చిటికెనవేలు వంకరపోయింది. లోపమున్న విగ్రహాన్ని గుడిలో నిలబెట్టరు. ఆ మాట పట్టుకుని ఆయన నన్ను ఏడిపించేవారు.

"ఈ వేలుతో నిన్ను ఏ గుడోళ్లూ తీసుకోరు. నేనే ఇంట్లో పెట్టుకోవల్ల."

కరోనా రాకముందు ఆస్ట్రేలియాలో ఒక గుడి పనికి వర్క్ వీసా మీద వెళ్లారు. వేసవి సెలవుల్లో విజిటర్ వీసాతో నేనూ వెళ్లాలనుకున్నాం. వీసా వచ్చింది కూడా. అంతలో వాళ్లు సరిహద్దులు మూసేశారు. భార్యనని ఎన్ని మెయిళ్లు పెట్టినా, విజిటర్లను రానివ్వం అనే జవాబు. తాళి కట్టించుకున్నదాన్ని, ఆ దేశం లెక్కలో చుట్టపుచూపుకు వచ్చే మనిషిని. ఒళ్లు మండిపోయేది. ఆయనే వచ్చేద్దామంటే విమానాలు లేవు. పైగా వీసా పొడిగింపు తేలలేదు. తేలకముందే దేశం దాటితే మళ్లీ పోవడం కుదరదు, చేతిలో పని సగంలో ఉంది.

స్కూలు మూతబడ్డాక నేను ఆళ్లగడ్డ వచ్చి మా అత్త దగ్గర ఉన్నాను. షెడ్డులో ఆయన సగంలో వదిలిపోయిన అమ్మవారి విగ్రహం ఒకటి ఉంది. చాగలమర్రి దగ్గర ఒక ఊరివాళ్లు చెప్పి చేయించుకుంటున్నది. ముఖం, కిరీటం, చీర కుచ్చిళ్లు అయిపోయాయి. అభయమిచ్చే కుడిచేతి వేళ్లు మాత్రం విడదీయలేదు, అరచేయి పైన ఒకే రాయి ముద్దగా ఉంది. వేళ్లు ముందే విడదీస్తే పనిలో విరుగుతాయని వాటిని చివరికి ఉంచుతారు. దాని మీద పాత పంచె కప్పి, షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి అత్త బొడ్లో దోపుకునేది.

ఆషాఢంలో ఆయనకు జ్వరమొచ్చింది. రెండు రోజులు ఫోన్లో దగ్గుతూనే మాట్లాడారు. తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఆయనతోపాటు పనిచేసే అన్న ఫోన్ చేసి, ఆసుపత్రిలో వేశామని, లోపలికి ఎవర్నీ పోనివ్వడం లేదని చెప్పాడు. ఆక్సిజన్ పెట్టారంట. ఆ వారం నేను తిన్నదేమిటో, పడుకున్నదెప్పుడో గుర్తులేదు. ఆయన పోతే కడసారి చూపు కూడా దక్కదన్న భయం ఒక్కటే గుర్తుంది.

అప్పుడే ఒక మధ్యాహ్నం, అత్త బియ్యం ఏరుతూ చెయ్యి ఆపింది.

"వింటాండావా?"

విన్నాను. మూడు దెబ్బలు. ఊదడం. మూడు దెబ్బలు.

వీధిలో కేసులు వచ్చి షెడ్లన్నీ మూసేసిన రోజులవి. ఎక్కడా పని లేదు. చప్పుడు మా షెడ్డులోంచే వస్తోంది. ఏ రేకో ఎండకు వ్యాకోచించి ఉంటుందని నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. అత్త తాళం తీసేసరికి చప్పుడు ఆగింది. లోపల ఎవరూ లేరు. విగ్రహం మీద పంచె కప్పినది కప్పినట్టే ఉంది. నేల మీద మాత్రం రాతి పొడి, అప్పుడే రాలినట్టు తెల్లగా ఉంది.

నేను పంచె తీయబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు. వాడు పని చేస్తాండాడు, చేయనీ. మధ్యలో లేపితే యాడికి పోతాడో ఏమో."

నమ్మకం లేనిదాన్ని, తీసి చూడొచ్చు కదా? తీయలేదు. ఎందుకు తీయలేదంటే, ఆ చప్పుడు వినబడినంతసేపూ ఆయన బతికే ఉన్నట్టనిపించింది. తర్వాత మధ్యాహ్నాలు అత్తా నేనూ గడపలో కూర్చుని దానికోసమే కాచుకున్నాం. ఒకరోజు అది రాలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. సాయంత్రం ఫోన్ మోగింది. ఆక్సిజన్ తీసేశారని, కళ్లు తెరిచి గంజిలాంటిదేదో తాగారని.

కొన్నాళ్లకు చాగలమర్రివాళ్లు విగ్రహం చూసుకోవడానికి మాస్కులు కట్టుకుని వచ్చారు. పంచె తీశాం. కుడిచేతి వేళ్లు ఐదూ విడివడి ఉన్నాయి. వచ్చినవాళ్లలో పెద్దాయన దగ్గరికెళ్లి చూసి మొహం చిట్లించాడు.

"ఏందమ్మా ఇది? చిటికెనవేలు వంకర పోయిండాదే. మేమిది గుళ్లో ఎట్ల పెట్టుకునేది?"

నేను నా కుడిచెయ్యి కొంగు కింద దాచుకున్నాను.

మా ఆయన వీసా పొడిగింపు సంగతి గాలికొదిలేసి, దొరికిన ప్రత్యేక విమానంలో వచ్చేశారు. క్వారంటైన్ అయ్యాక ఇంటికొచ్చి నేరుగా షెడ్డుకే పోయారు. ఫోన్లో మేం ఆయనకేమీ చెప్పలేదు. విగ్రహం చేతి దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఉలి తీసి వేళ్ల సందుల్లోని గాట్లకు ఆనించి చూశారు. గాట్లన్నీ ఎడమచేత్తో కొట్టినవాటిలా వాలి ఉన్నాయి. మా వీధిలో ఎడమచేత్తో సుత్తి పట్టేవాళ్లు ఇంకెవరూ లేరు.

"నా దెబ్బే," అన్నారు. "నేను ఎప్పుడు చేస్తినో నాకే తెలీదు."

ఆ రాత్రి అన్నం దగ్గర ఆసుపత్రి సంగతి చెప్పారు. అక్కడ అందరివీ గ్లౌజులు తొడిగిన చేతులేనట. ఊపిరి అందక, అయిపోయిందిలే అనుకున్నప్పుడు, గ్లౌజు లేని చెయ్యి ఒకటి దొరికిందట. పట్టుకుని పడుకున్నారట.

"ఎవరిదని అడగలేదా?" అన్నాను.

"అడిగేదేముంది? చిటికెనవేలు పట్టుకుంటేనే తెలిసిపాయె. ఇడిస్తే పోతావేమోనని ఇడిచిపెట్టలే."

నాకు ఏడుపు ఆగలేదు. ఎందుకంటే ఆ రోజుల్లో నేను ఎక్కడికీ పోలేదు. గడపలో కూర్చుని సుత్తి చప్పుడు వింటున్నాను.

చాగలమర్రివాళ్లకు ఆయన వేరే విగ్రహం చేసిచ్చారు. ప్రతిష్ఠ జరగక కళ్లు తెరవని ఈ అమ్మ మా ముందుగదిలోనే ఉంది. పూజ చేయం. ఏ గుడికీ పోని వేలును ఇంట్లో పెట్టుకుంటానన్న మాట ఆయన ఇలా నిలబెట్టుకున్నారని అత్త నవ్వుతుంది. నేను నవ్వలేను.

ఆయన చెయ్యి ఇక్కడికెలా వచ్చిందో, నా చెయ్యి అక్కడికెలా పోయిందో నాకు తెలియదు. ఇంకొకటి కూడా ఉంది. విగ్రహానికి ఆఖరున పెట్టే మెరుగు ఆ చేతికి ఎవరూ పెట్టలేదు. నాలుగు వేళ్లూ గరుకుగా ఉంటాయి. చిటికెనవేలు ఒక్కటి, ఎవరో చాలాకాలం గట్టిగా పట్టుకుని వదిలినట్టు, నున్నగా ఉంది.