ఆడవారికి ఉచితం: రాయదుర్గం బండల మధ్య బైకు రేసు

ఈ ప్రయాణానికి కారణం మా ఇంట్లో జరిగిన ఒక తీర్మానం. నా మనవరాలు వసుధ కొత్తగా కట్టిన గుండ్రటి భవనంలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. సెలవు రోజుల్లో సెకండ్ హ్యాండ్ బైకు మీద మట్టిలో చక్కర్లు కొడుతుంది. ఆదివారం ఔత్సాహికుల రేసులో తన పేరిచ్చానని చెప్పగానే వాళ్ళ నాన్న, అంటే నా కొడుకు, కంచం ముందు నుంచి లేవకుండానే తీర్పు చెప్పాడు: "మనింట్లోంచి ఎవరూ వెళ్ళద్దు. చూసేవాళ్ళు లేకపోతే అదే మానుకుంటుంది." ముప్పై ఏళ్ళు కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన నాకు ఇందులోని తర్కం అంతుపట్టలేదు. చూసేవాళ్ళు లేరని ఆగిపోయిన వస్తువును నేనింతవరకూ చూడలేదు. అందుకని ఆదివారం ఎనిమిదిన్నరకి, మంచినీళ్ళ సీసా, గొడుగు పట్టుకుని కూకట్‌పల్లిలో ఆటో ఎక్కాను.

వెళ్ళాలనుకునేవారికి దారి చెబుతాను. కొండాపూర్ దాకా బస్సు ఉంది గానీ ఆదివారం దాన్ని నమ్ముకుంటే సోమవారం చేరతారు. ఆటోకి అరవై రూపాయలయింది. మీటరుంది, తిరగదు. "ఏడికమ్మా?" అన్నాడు డ్రైవరు. రాయదుర్గం వైపు, బైకు రేసులని చెప్పాను. అద్దంలో నన్ను పైనుంచి కిందికి చూశాడు. "గీ వయసుల రేసులేందమ్మా?" "నేను నడపడం లేదు నాయనా, ఫికర్ పడకు." కొండాపూర్ దాటాక తారు అయిపోయి కంకర మొదలయింది. అటూ ఇటూ ఏనుగుల్లాంటి బండలు, వాటి మధ్య పునాదుల గోతులు, ఇనుప చువ్వలు. ముప్పావు గంట పట్టింది. నడుము సంగతి అడగకండి.

గేటు దగ్గర అట్టముక్క మీద ధరలు రాసి ఉన్నాయి: కుర్చీ యాభై, తాడు పక్కన నిలబడితే ఇరవై, పిల్లలకి ఐదు, ఆడవారికి ఉచితం. నేను యాభై రూపాయల నోటు తీస్తే గేటు మనిషి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "లేడీస్ ఫ్రీ, అమ్మా. అటు పోండి." అటు అంటే మైదానం చివర, నిలిపి ఉంచిన లారీల వెనకాల వేసిన షామియానా. అక్కడి నుంచి కనిపించేది దుమ్ము, వినిపించేది సైలెన్సర్ తీసేసిన బళ్ళ గోల. ముప్పై మంది దాకా ఆడవాళ్ళున్నారు. కొందరు నడిపే కుర్రాళ్ళ అక్కచెల్లెళ్ళు, ఎక్కువమంది పక్క సైట్లలో పని చేసేవాళ్ళు. నా పక్కన కూర్చున్న ఎల్లమ్మ పాలమూరు నుంచి వచ్చి ఏడాదిగా ఇక్కడ కంకర మోస్తోంది. "పైసల్లేకుండ అంటే వచ్చినం. గీడ దుమ్ము కూడ పుక్యానికే ఇస్తున్నరు" అంది, కొంగుతో మొహం తుడుచుకుంటూ. రెండు గంటలు అలాగే కూర్చున్నాం.

పదకొండున్నరకి వసుధ హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చింది. మొహం మాడిపోయి ఉంది. "మా ఆడవాళ్ళ రేసు తీసేస్తున్నారు నాయనమ్మా. ఆరు నెలల నుంచి ప్రాక్టీసు చేస్తున్నాం నలుగురం." పొద్దున్న గంట ఆలస్యంగా మొదలెట్టారట. ఒంటిగంటకి పక్క స్థలంలో బండలు పేలుస్తారు కనుక ఈలోగా మైదానం ఖాళీ చేయాలి. ఏదో ఒక రేసు పోవాలి. ఏది పోవాలో తేల్చడానికి వాళ్ళకి క్షణం కూడా పట్టలేదు.

నేను గొడుగు మూసి మైకు దగ్గరకు వెళ్ళాను. మెడలో ఈల వేసుకున్న నిర్వాహకుడు మర్యాదగానే మాట్లాడాడు. "ఆడవాళ్ళ రేసు చూడ్డానికి ఆడవాళ్ళే రాలేదండి. గేటు పుస్తకంలో ఒక్కరు కూడా లేరు."

"ఆ షామియానాలో ఉన్నది ఎవరు బాబూ, గొర్రెలా?"

"వాళ్ళు ఫ్రీ కదా మేడమ్. అమ్మిన టికెట్లే మాకు హాజరు. స్థలం ఓనరుకి అదే చూపించాలి."

"డబ్బిస్తానంటే తీసుకోరు. తీసుకోలేదు కనక రాలేదంటారు. ముప్పై టికెట్లు అమ్ముడుపోతే?"

"అప్పుడు తప్పకుండా పెడతామండి" అని నవ్వాడు.

"ఆ నవ్వు నీ దగ్గరే ఉంచుకుని, మాట మాత్రం మైకులో చెప్పు."

చెప్పాడు. కుర్చీల్లోని మగవాళ్ళు చప్పట్లు కొట్టారు, వేళాకోళానికే అనుకోండి.

షామియానాలో నా ఉపన్యాసం మొదటి నిమిషంలోనే బోల్తా పడింది. "ఇర్వై వెట్టి దుమ్ము సూడాల్నా?" అంది ఎల్లమ్మ. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? అందరివీ నేనే కొంటానన్నాను. ఆమెకి కోపమొచ్చింది. "నీ పైసలతోని నేను లెక్కకొస్తనా అమ్మా? అది నీ లెక్క అయితది." అని లేచి, చీర దులుపుకుని, తిన్నగా గేటు దగ్గరకి నడిచింది. వెనకాల మేమందరం.

"ఐదు రూపాయల టికెట్ ఇయ్యి" అంది.

"అది పిల్లలకమ్మా."

"పొద్దుగాల నుంచి మమ్మల్ని పిల్లల లెక్కనే మూలకు కూసోవెట్టినవ్ గదా. ఇగ ఇయ్యి."

గేటు మనిషి నిర్వాహకుడి వైపు చూశాడు. నిర్వాహకుడు మైకు వైపు చూశాడు. మాట అందులోంచి వెళ్ళిపోయింది కదా. ముప్పై నాలుగు టికెట్లు చింపారు. అరవై ఆరేళ్ళ వయసులో నేను పిల్లల టికెట్ మీద లోపలికి వెళ్ళి, యాభై రూపాయల కుర్చీల ముందు తాడు పట్టుకుని నిలబడ్డాను. వెనకనుంచి ఎవరో కనపడటం లేదన్నారు. లారీల వెనకాల షామియానా ఖాళీగా ఉందని చెప్పాను.

రేసు పన్నెండున్నరకి మొదలయింది. ఐదు చుట్లు. ఒక పిల్ల బండి గొలుసు మొదటి చుట్టులోనే తెగింది. రెండో మలుపులో వసుధ అవసరానికి మించి వంగి, నేను పాఠాల్లో చెప్పినట్టే కింద పడింది. "లే బిడ్డా, ఉరుకు!" అని ఎల్లమ్మ పెట్టిన కేకకి నా పక్క చెవి ఇప్పటికీ పూర్తిగా తెరుచుకోలేదు. వసుధ లేచింది, బండి లేపింది, మూడు కిక్కులకి స్టార్టు చేసింది. ముగ్గురిలో మూడోదిగా వచ్చింది. మోచెయ్యి గీరుకుపోయింది. దగ్గరకొచ్చి, "ఆ మలుపులో గేరు తగ్గించాల్సింది" అంది. అవునన్నాను.

తిరుగు ప్రయాణంలో సంతోషంతో పాటు చిన్న ముల్లు కూడా వెంట వచ్చింది. వచ్చేసారి నుంచి ఆడవాళ్ళకీ పది రూపాయల టికెట్ పెడతామని నిర్వాహకుడు నాకు శుభవార్తలా చెప్పాడు. పది రూపాయలు నాకు ఆటోలో చిల్లర, ఎల్లమ్మకి కూలిలో ఒక ముక్క. ఐదుకి మించొద్దని అక్కడే పోట్లాడాను, ఒప్పుకోలేదు. అయినా చేసినదానికి నేను చింతించడం లేదు. మనల్ని ఊరికే రానిచ్చేవాళ్ళు మన మాట కూడా ఊరికే పోనిస్తారు. ధర గురించి మళ్ళీ గొడవ పెట్టుకుంటాను. ఈసారి పుస్తకంలో మా హాజరు చూపించి మరీ పెట్టుకుంటాను.

వెళ్ళేవారికి ఒకటే సలహా: తొమ్మిదికి ముందే చేరండి, ఆడవాళ్ళయితే ఎంత ఉచితమన్నా సరే, టికెట్ చింపి చేతిలో పెట్టేదాకా గేటు దగ్గర నుంచి కదలకండి. వెనక వరుస పెరిగితే పెరగనివ్వండి.