నేను తుడిచిన దిష్టిచుక్క

ఒక తప్పును చాలా ఏళ్లుగా మోస్తున్నాను. మోయడం అన్నానని పెద్ద బండరాయి అనుకునేరు. చెప్పులో దూరిన ఇసుకరాయంత. నడకకు అడ్డం రాదు, నడిచినంతసేపూ తెలుస్తూనే ఉంటుంది. మా ఆయనకు చెప్పలేదు. మా అమ్మాయికి చెప్పలేదు. దేవుడికి చెప్పానా అంటే, ఆయనకు తెలియనిదేముంది అని తప్పించుకున్నాను. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యమే.

మేముండేది కార్ఖానా అనే పేటలో. పుట్టింది కృష్ణా జిల్లా వైపు అయినా నాన్నగారి వ్యాపారంతో చిన్నప్పుడే ఇక్కడికి వచ్చేశాం. మా అమ్మాయి బడికి వెళ్లడం మొదలుపెట్టాక పగలంతా ఇంట్లో ఊరికే కూర్చోలేక ఒక సేవాసంస్థలో చేరాను. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ వెనక బస్తీలో రెండు గదులు అద్దెకు తీసుకుని నడిపేవాళ్లం. చిన్నపిల్లలకు పొద్దున రాగిజావ, పల్లీలూ బెల్లం కలిపి చుట్టిన లడ్డూలు. బరువు చూడటం. బడి పిల్లలకు పుస్తకాలు, సాయంత్రం చదువు. తల్లులకు వారానికోసారి మీటింగు. రక్తం తక్కువైతే ఏం తినాలి, విరేచనాలైతే ఏం తాగించాలి, ఇలాంటివి. ఆ మీటింగుల్లో నేను తప్పకుండా చెప్పే మాట ఒకటుండేది. పిల్లకు ఒళ్లు వెచ్చబడితే దిష్టి అంటూ మిరపకాయలు తిప్పి కూర్చోకండి, డాక్టరుకు చూపించండి, దిష్టీ లేదు గిష్టీ లేదు అనేదాన్ని. వాళ్లు నవ్వేవాళ్లు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

యాదమ్మ ఆ మార్కెట్‌లోనే పనిచేసేది. లారీల్లో వచ్చిన ఉల్లిగడ్డల్లోంచి కుళ్లినవి ఏరి పక్కన పడేసే పని. భర్త హమాలీ. బస్తాలు మోసి మోసి నడుం పట్టేసి సగం రోజులు ఇంటిపట్టునే ఉండేవాడు. ఇద్దరు పిల్లలు. పెద్దది అఖిల, దాని తర్వాత ఒక మగపిల్లవాడు. మా దగ్గరికి మొదట తెచ్చినప్పుడు అఖిల బాగా బక్కగా ఉండేది, అది నిజమే. కానీ చింపిరిగా ఎన్నడూ లేదు. యాదమ్మకు పిల్లను ముస్తాబు చేయడమంటే పిచ్చి. చేతులకు ఉల్లి వాసన ఉండగానే తలకు నూనె రాసి, రెండు జడలు బిగించి అల్లి, ఎడమ బుగ్గ మీద కాటుకతో దిష్టిచుక్క పెట్టిగానీ గడప దాటనిచ్చేది కాదు. ఆ చుక్క చిన్నదేం కాదు, శనగగింజంత ఉండేది. నేను ఆటపట్టించేదాన్ని కూడా, ఏమిటి యాదమ్మా, పిల్ల మొహం కంటే చుక్కే పెద్దదిగా ఉంది అని.

మా సంస్థ పెట్టిన పెద్దాయనను అందరం సార్ అనేవాళ్లం. మంచివాడు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఇందులో ఆయన తప్పు ఎంత, నా తప్పు ఎంత అని నేను చాలాసార్లు లెక్క వేసుకున్నాను, ప్రతిసారీ నా వైపే మొగ్గింది. ఒక కంపెనీ వాళ్లు పిల్లలకు రోజూ గుడ్డు ఇవ్వడానికి ముందుకొచ్చారు, వాళ్లకు చూపించడానికి ఒక మంచి ఫోటో కావాలన్నారాయన. చూస్తే కడుపు తరుక్కుపోవాలమ్మా అన్నారు. అంతే అన్నారు. ఎలా తీయాలో చెప్పలేదు.

నేను బస్తీలో చాటింపు వేసినట్టు చెప్పాను, రేపు ఫోటోలు తీస్తాం, పిల్లల్ని తీసుకురండి అని. అక్కడే బోల్తా పడ్డాను. ఫోటో అన్నాక ఏ తల్లి ఊరుకుంటుంది? మర్నాడు చూద్దును కదా, మా రెండు గదులూ పెళ్లి విడిదిలా ఉన్నాయి. పౌడర్లు, రిబ్బన్లు, గలగలలాడే గాజులు. ఒక బుడ్డోడికి నల్లకళ్లద్దాలు. నాకు నవ్వు రావాలి. కోపం వచ్చింది. నిజంగా కోపమే. వీళ్లకు పేదవాళ్లలా కనబడటం కూడా చేతకాదా అనిపించింది. ఇంత నీచమైన ఆలోచన నాకు ఎక్కణ్ణుంచి వచ్చింది? ముందునుంచీ లోపల ఉందా? వాళ్ల మంచి కోసం అని రోజూ స్కూటీ వేసుకుని వెళ్లే మనిషికి, వాళ్లు నాలుగు పూలు పెట్టుకుంటే కంటగింపు దేనికి?

అఖిలకు అప్పుడు ఆరేళ్లు. గులాబీరంగు గౌను వేసుకుంది, జడల్లో కనకాంబరాలు. బుగ్గన చుక్క. కళ్లు పెద్దవి, చెప్పిన మాట వినే పిల్ల. యాదమ్మను ఇంటికి వెళ్లి టీకాల కార్డు తెమ్మన్నాను. ఆ కార్డుతో నాకేమీ పని లేదు.

లోపలి గదిలో ఎవరో ఇచ్చిన పాతబట్టల మూట ఉంది. అందులోంచి భుజం దగ్గర చిరిగిన బూడిదరంగు గౌను తీసి పిల్లకు వేశాను. పూలు తీసి కిటికీలో పెట్టాను. జడలు విప్పి చేత్తో చెరిపాను. నా చేతిరుమాలు తడిపి మొహం తుడిచాను. పౌడరు పోయింది. చుక్క పోలేదు. ఇంట్లో ఆముదంతో చేసిన కాటుక, అంత తేలిగ్గా వదలదు. గట్టిగా రుద్దాను. బుగ్గ కందింది. పిల్ల ఏడవలేదు, నా మొహంలోకి చూస్తూ నిలబడింది. అప్పుడే ఫోటో తీశాను, అందులో పడింది ఆ చూపే. అందరూ ఆకలి చూపు అన్నారు. పొద్దున్నే మా జావ తాగిన పిల్లకు ఆకలేమిటి? ఈ మేడమ్ నన్నేం చేస్తోంది అని చూసింది, అంతే.

యాదమ్మ తిరిగొచ్చేసరికి గులాబీ గౌను మళ్లీ తొడిగేశాను. జడలు నాకు వచ్చినట్టు అల్లి పూలు పెట్టేశాను. చుక్క పెట్టడానికి మాత్రం నా దగ్గర కాటుక లేదు. ఆమె చూపు ముందు అక్కడికే పోయింది. చెమటకు కరిగిందేమో అన్నాను. సరే అన్నట్టు తలూపి, పిల్లను చంకనేసుకుని వెళ్లిపోయింది.

గుడ్లు వచ్చాయి. రోజూ ఉడకబెట్టి పెట్టాం. అఖిల తింది, దాని తమ్ముడు తిన్నాడు, బస్తీ పిల్లలంతా తిన్నారు. మనసులో ఎప్పుడైనా ముల్లు గుచ్చుకుంటే నాలోని లాయరు లేచి నిలబడేది. ఒక్క ఫోటోతో ఇంతమంది పిల్లల కడుపు నిండుతోంది, ఎవరికి నష్టం? అప్పటికి ఆ ప్రశ్నకు జవాబు లేదు కూడా. నాలుగేళ్లకు గానీ రాలేదు.

ఆ ఫోటో బ్యానరుకెక్కింది. ఎక్కడ కార్యక్రమం పెట్టినా అదే కట్టేవాళ్లం. అఖిల పెరుగుతోంది, బ్యానరు మీది పిల్ల అలాగే ఉంది. ఐదో తరగతిలో ఉండగా వాళ్ల బడిలో మేం ఆరోగ్య శిబిరం పెట్టాం. ఆ బడిలో దాన్ని చేర్పించింది నేనే, గేటు పక్కన ఆ బ్యానరు కట్టించిందీ నేనే. రెండూ కలిపి చూడాలని నాకు తట్టలేదు. ఫోటోలో ఉన్నది ఒక మనిషి అన్న సంగతే మర్చిపోయానేమో. అఖిల కనుబొమ్మ మీద చిన్నప్పుడు పడ్డ గాటు ఉంది. పక్క సందు పిల్లలు దాన్ని బట్టి గుర్తుపట్టారు. ఫోటో కింద పెద్ద అక్షరాలతో ఉంది, ఆకలితో ఉన్న ఈ చిన్నారికి ఒక్క ముద్ద పెట్టండి అని. మధ్యాహ్న భోజనం దగ్గర ఎవరో తన పళ్లెంలోంచి ఒక ముద్ద తీసి అఖిల పళ్లెంలో వేశారట. ఇంకొకరు వేశారట. బడి వదిలే వేళకు దాని పేరు బ్యానర్ అయిపోయింది. వారం తిరక్కుండా బడి మానేసింది.

యాదమ్మ మా గదికి వచ్చింది. తగాదాకి రాలేదు. మూలన చుట్టిపెట్టిన బ్యానరును అడిగి విప్పించుకుని నేలమీద పరిచి చాలాసేపు చూసింది.

“గీ గౌను మాది గాదు మేడమ్,” అంది.

“పాత ఫోటో యాదమ్మా. నువ్వు మొదటిసారి తీసుకొచ్చినప్పటిది.”

“నేను గిట్ల తెచ్చిన్నా? తల సుత దువ్వకుండ?”

“పనిలోంచి నేరుగా వచ్చినట్టున్నావు. నీకు గుర్తుండి ఉండదు.”

“యాదికి లేదు.” వంగి, ఫోటోలో బుగ్గ మీద వేలు పెట్టింది. “సుక్క గూడ పెట్టలే. గందుకే గిట్లయింది మేడమ్. ఎంతమంది కండ్లు పడ్డయో. తప్పు నాదే. జెర సూస్కోవాలె గదా నేను.”

నేను తలూపాను. దిష్టీ లేదు గిష్టీ లేదు అని ప్రతి వారం ఉపన్యాసం ఇచ్చే నేను, ఆ దిష్టి చాటునే దాక్కున్నాను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని బ్యానరు మళ్లీ చుట్టాను.

అప్పుడు ఏం చేసి ఉండవచ్చో నాకు బాగా తెలుసు. పొద్దున ప్రార్థన దగ్గర పిల్లలంతా ఉన్నప్పుడు ముందుకు వెళ్లి, ఆ గౌను వేసింది నేను, జడలు విప్పింది నేను, ఆ అమ్మాయి ఎప్పుడూ అలా లేదు అని ఒక్క మాట చెబితే సరిపోయేది. పిల్లలు కాసేపు నన్ను చూసి నవ్వేవాళ్లు. అఖిల మళ్లీ వచ్చేదేమో. రాకపోయినా నేను చెప్పి ఉండేదాన్ని. అదేదీ చేయకుండా వాళ్లింటికి వెళ్లి, చదువు ఎంత అవసరమో అఖిలకు బోధించి వచ్చాను. చెప్పేవి శ్రీరంగనీతులు అంటారే, అలా. అది గోడవైపు తిరిగి కూర్చుంది. మీటింగులో సార్ అడిగితే, తల్లి మార్కెట్ పనిలో పెట్టుకుంది సార్ అన్నాను. అందరూ అయ్యో అన్నారు. ఈ తల్లులకు ఎంత చెప్పినా తెలియదు అని కూడా ఎవరో అన్నారు. నేను కాదనలేదు.

తర్వాత నిజంగానే అఖిల తల్లితో పాటు ఉల్లిగడ్డలు ఏరడానికి వెళ్లింది. పద్దెనిమిది నిండగానే మౌలాలి సంబంధం చూసి పెళ్లి చేశారు.

మొన్న తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. బరువు చూపించడానికి తల్లీకూతుళ్లు బిడ్డను మా దగ్గరికే తెచ్చారు. బిడ్డకు బుగ్గన ఒక చుక్క, నుదుటన ఒకటి, అరికాల్లో ఒకటి. ఏమిటి యాదమ్మా ఇన్ని చుక్కలు అన్నాను, నోరు ఊరుకోక. ఒకటి కరిగిపోయినా ఇంకోటి ఉంటది గదా మేడమ్ అని నవ్వింది. ఆ నవ్వులో ఏమీ లేదు. నన్ను పొడవాలని అనలేదు. అందుకే అంత గట్టిగా తగిలింది.

యాదమ్మ బయట ఎవరో పిలిస్తే వెళ్లింది. మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి బిడ్డ ముద్దుగా ఉందంటూ ఫోను పైకెత్తింది. అఖిల చటుక్కున కొంగు బిడ్డ మొహం మీదికి లాగి, ఫోటో వద్దంది. మామూలుగా రికార్డు కోసం అక్కా అంది ఆ అమ్మాయి. అఖిల ఆ అమ్మాయిని చూడలేదు. నన్ను చూసింది.

“ఒద్దంటే లడ్డూలు బంద్ జేస్తరా మేడమ్?” అంది.

జోకు అనుకుని కొత్త అమ్మాయి నవ్వింది. అఖిల నవ్వలేదు. కోపంగానూ లేదు. జవాబు కావాలన్నట్టు చూస్తోంది, ఆ రోజు చూసినట్టే.

పైన ఒక ముక్క దాటేశాను. ఇంత రాసినా దాన్ని రాయకుండా ముగించేయొచ్చు అనుకున్నాను. కుదరడం లేదు. ఆ రోజు జడలు మళ్లీ అల్లుతూ ఆ ఆరేళ్ల పిల్ల చెవిలో ఒక మాట చెప్పాను. అమ్మకు చెప్పావంటే నీకూ తమ్ముడికీ లడ్డూలు ఆపేస్తాను అన్నాను. ఆపేదాన్ని కాదు, ఆపడం నా చేతిలోనూ లేదు. అది దానికెలా తెలుస్తుంది? దాని తమ్ముడు అప్పటికింకా గోడ పట్టుకునిగానీ నిలబడలేకపోయేవాడు. పిల్ల నా మాట నమ్మింది. బడిలో బ్యానర్ అని పిలిచినప్పుడు చెప్పలేదు. తప్పు నాదే అని తల్లి తల కొట్టుకున్నప్పుడూ చెప్పలేదు. తమ్ముడు అప్పటికీ మా గుడ్డే తింటున్నాడు. ఇన్నేళ్లూ ఈ సంగతి దాస్తున్నది నేనొక్కదాన్నే అనుకుని, ఎక్కడ బయటపడుతుందోనని భయపడుతూ తిరిగాను. నాకంటే గట్టిగా ఆ పిల్ల దాచింది.

ఆపం అఖిలా అన్నాను. యాదమ్మ లోపలికి వచ్చి బిడ్డను అందుకుని, చుక్కలన్నీ ఉన్నాయో లేదో చూసుకుని, ఎప్పటిలాగే నాకు దండం పెట్టి వెళ్లింది.

ఆమెకు ఎందుకు చెప్పలేకపోతున్నాను? పరువు పోతుందనా? ఆ వయసు దాటింది. సంస్థకు చెడ్డపేరు వస్తుందనా? అదొక సాకు. యాదమ్మ తిడితే పడగలను. పోనీ తియ్ మేడమ్ అని ఊరుకుంటే ఏం చేయాలో నాకు తెలియదు. ఊరుకునే మనిషే ఆమె.

ఇది మీకు చెబితే ఆమెకు చెప్పినట్టు కాదని నాకు తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీరు ఇచ్చేది కాదు. అయినా ఇంతవరకు రాసేసరికి గుండె తేలికపడింది, తేలికపడినందుకు సిగ్గుగానూ ఉంది. ఒక్కసారైనా ఈ మాటలు నాలోంచి బయటపడాలి. ఆమె ఎదురుగా అనడానికి నోరు తిరగాలంటే ముందు ఇక్కడైనా అనాలి.

యాదమ్మా, నువ్వు నీ బిడ్డను ఎన్నడూ అలా తీసుకురాలేదు. తల దువ్వి, పూలు పెట్టి, చుక్క పెట్టే తెచ్చావు. నేనే తుడిచాను.