ఎనిమిదిన్నర సంతకం

అక్టోబరు 11, శనివారం. ఉన్నవాళ్లు: నేను, నర్సీపట్నంలో ఫిజిక్స్ చెప్పే నా పాత విద్యార్థిని సుజాత, నాతవరంలో అప్పలనర్సమ్మ గారు.

ఉదయం 7.10కి అనకాపల్లి కాంప్లెక్స్‌లో బస్సెక్కాను. మాకవరపాలెం దగ్గర ముసురు పట్టుకుంది. 8.50కి నర్సీపట్నంలో దిగి, రెండు ఇడ్లీలు తిని, పదింటికి సుజాత వాళ్ల బాలికల హైస్కూలు చేరాను.

పనులు రెండు. మొదటిది, యూరపులో మూడు వందల ఏళ్ల కిందట సైన్సూ తత్వమూ పట్టుకున్న ఆడవాళ్ల గురించి పిల్లలకి చెప్పడం. రెండోది, నా సహోపాధ్యాయుడు సన్యాసిరావు మాస్టారు ముప్పై ఏళ్లు రాసిన వాన కొలతల్ని సుజాత వాళ్ల స్కూలు పుస్తకంగా వేస్తోంది. దానికి ముందుమాట రాయడం. మాస్టారు పోయి ఎనిమిదేళ్లయింది.

పిల్లలకి జర్మనీ ఆవిడ కథ చెప్పాను. మొగుడు నిద్రపోతుంటే ఆవిడ ఆకాశంలో కొత్త తోకచుక్కను చూసింది, ఆయన్ని లేపి చూపించింది. లోకానికి ఆయన పేరుతోనే తెలిసింది. చూసింది ఆవిడేనని ఆయన ఒప్పుకోడానికి ఏళ్లు పట్టింది.

"అసలు మొగుణ్ని లేపకుండా ఉండాల్సింది మేడమ్!" అంది వెనక బెంచీ పిల్ల. క్లాసంతా ఒకటే నవ్వు.

2.30కి సుజాతా నేనూ నాతవరం షేర్ ఆటో ఎక్కాం. పక్కన కూర్చున్న రైతమ్మ, ఎవరింటికని అడిగింది. చెప్పాను.

"ఆ మాస్టారు పోయేరు గదమ్మా. ఐతే మాత్రం ఏటి? ఎంత వాన పడిందో గోడ మీద రోజూ ఆయన సంతకంతోటే ఉంటాది. అది సూసే మేం నీళ్లు కట్టుకుంటాం" అంది, చాలా మామూలుగా.

ఇంటి గోడకి నల్లబల్ల ఉంది. ఆనాటి తేదీ, ఉదయం 8.30, తొమ్మిది మిల్లీమీటర్లు. కింద తోక తిప్పిన సంతకం: వి. సన్యాసిరావు. సున్నంతో రాసిన అక్షరాలు ముసురుకి ఇంకా తడిగానే కనిపించాయి.

అప్పలనర్సమ్మ గారు మాస్టారి భార్య. మాకు టీ ఇచ్చి నోటుబుక్కులు పరిచారు. ముందుమాట కోసం తెచ్చుకున్న నా పాత డైరీ తీశాను. ఆ డైరీ రాసిన ఏడాది మాస్టారూ నేనూ పది రోజులు విశాఖలో ట్రైనింగులో ఉన్నాం. రోజూ ఎనిమిదిన్నరకి కలిసి టిఫిను చేసినట్టు నా డైరీలో ఉంది. నోటుబుక్కులో అవే పది ఉదయాలు, అదే ఎనిమిదిన్నరకి, అవే సంతకాలు. ఒక్క గీతలో కూడా తేడా లేదు. ఆయన పోయిన మర్నాడు కూడా ఉంది.

"మాస్టారు ఎన్నింటికి లేచేవారమ్మా?" అన్నాను.

"ఆయనా? తొమ్మిదయితే గానీ దుప్పటి తీసీవారు కాదండి." నవ్వేరు. "మొదట్నించీ వాన లెక్క నానే సూసీదాన్ని. నీ పేరుంటే ఎవరూ నమ్మరని ఆయన సంతకం నేర్పేరు."

"అయితే పుస్తకం మీద మీ పేరే ఉండాలి మామ్మగారూ! సోమవారం ప్రెస్సుకి వెళ్లిపోతుంది" అంది సుజాత.

"ఇన్నాళ్లూ అబద్ధం సెప్పేనని రైతులు బల్ల సూడ్డం మానేస్తే?" అన్నారావిడ. నోటుబుక్కులు సర్ది లోపల పెట్టేశారు. ఆవిడ జవాబు కోసం మేం ఆ రాత్రి అక్కడే ఉండిపోయాం.

మర్నాడు సరిగ్గా 8.30కి ఆవిడ పెరట్లో వర్షమాపకం దగ్గర వంగి నీళ్లు కొలిచారు. చేతులు తుడుచుకుంటూ వచ్చి, "కాయితం ఇవ్వండి" అన్నారు.

సుజాత పుస్తకం ప్రూఫు మొదటి పేజీలో మాస్టారి పేరు కొట్టేసి పెన్నిచ్చింది. ఆవిడ రాశారు. చూస్తే, వి. సన్యాసిరావు. ఆవిడే ఉలిక్కిపడ్డారు. మళ్లీ, మెల్లగా, పెదవులతో తన పేరు పలుకుతూ రాశారు. పెదవులు అప్పలనర్సమ్మ అంటున్నాయి; పెన్ను సన్యాసిరావు అని రాస్తోంది.

"ఐదో క్లాసు దాకా సదివేనండి. నా పేరు రాసీదాన్ని," అన్నారు చేతిని పరాయిదాన్ని చూసినట్టు చూస్తూ. "ఇప్పుడు దీనికి రాదు."

తర్వాత ఆవిడే పెన్ను రీఫిల్ లాగి, బొటనవేలికి సిరా పూసుకుని కాగితం మీద నొక్కారు.

"ఇది మాత్రం ఆయన నేర్పలేదు" అన్నారు.

సుజాత నర్సీపట్నంలో ఆగిపోయాక, 11.15 బస్సులో తిరిగొస్తూ తనకి ఫోన్ చేశాను: రచయితగా అప్పలనర్సమ్మ గారి పేరు అచ్చువేసి, దాని కింద ఆ వేలిముద్ర ఉన్నదున్నట్టు వెయ్యమని. ముప్పై ఏళ్ల సైన్సు పుస్తకానికి ఇంతకంటే నిజమైన సంతకం లేదు.