సమూయేలు పీట, సోములమ్మ కోడి

పంతొమ్మిది వందల ఇరవై ఏడులో అరకు కొండల్లోని మిషన్ ఆసుపత్రికి కిరసనాయిలు ఇంజనూ డైనమో వచ్చాయి. ఆ కరెంటు వ్యవహారమంతా సమూయేలుకు అప్పజెప్పారు. అంతకుముందు అతను చర్చి గంట కొట్టేవాడు. తాడు లాగడం వచ్చినవాడికి తీగ లాగడం రాదా అనుకుంది డాక్టరు దొరసాని. ఆవిడ వైద్యానికి వంక పెట్టలేం గానీ, మనుషుల్ని ఎంచడంలో మాత్రం అంతంత మాత్రమే.

ఆవిడ పెట్టిన నియమం ఒకటే. బల్ల దీపం గానీ, ఇస్త్రీ పెట్టె గానీ, ఫ్యాను గానీ, చేత్తో పట్టుకు తిరిగే కరెంటు సామాను ఏదైనా సరే, సమూయేలు పరీక్ష చేసి తెల్లగుడ్డ పీలిక కడితేనే రోగుల దగ్గరికి రావాలి. పరీక్ష ఎలాగో కూడా నేర్పింది. ముందు తీగ తడిమి చూడాలి. తర్వాత కరెంటు పెట్టి, సామాను ఒంటికి చేతి వెనకవైపు ఆనించాలి. లోపల దోషముంటే చెయ్యి ఎగిరిపడుతుంది.

ఆ ఎగిరిపడడం అన్న మాట సమూయేలు గుండెలో పడిపోయింది. మొదటి రోజు నుంచీ టేకు పీట ఎక్కి, దాని మీద గోనెపట్టా మడిచి వేసుకుని, చిన్న ప్రార్థన చేసుకుని చెయ్యి ఆనించేవాడు. ఒక్కసారీ ఎగిరిపడలేదు. దాంతో ధైర్యం వచ్చి కనపడ్డ ప్రతిదానికీ పీలిక కట్టాడు. కరెంటు ముఖమెరగని చర్చి హార్మోనియానికి కూడా కట్టాడు. "మన సామాన్లలో దోషమన్నది నేదమ్మగారూ" అని దొరసానికి గర్వంగా చెప్పుకునేవాడు.

ముసురు పట్టిన రోజుల్లో పై గూడెం నుంచి సోములమ్మ అనే ముసలావిడ మనవరాలిని డోలీలో మోయించుకొచ్చింది. పిల్ల పేరు ముత్యాలమ్మ. తొడలో గడ్డ చీము పట్టి ఒళ్లు కాలిపోతోంది. వెంటనే కోయకపోతే బతకదంది దొరసాని. మంచు కమ్మి గదంతా మసకగా ఉంది. బల్ల దీపం తప్పదు.

సోములమ్మ ఆ దీపాన్ని ఎగాదిగా చూసింది. "నూనె నేదు, వత్తి నేదు. ఏటి తిని మండతాదిది?"

"కరెంటమ్మా. నాను సూసినాను. గుడ్డ కట్టినాను కదా" అన్నాడు సమూయేలు.

"నువ్వు సూత్తే సాలదు బాబూ. మా కోడి సూడాల."

వాళ్ల గూడెంలో ఏ పెద్ద పనికైనా ముందు నేల అలికి, గింజలు చల్లి, కోడిని వదులుతారు. అది తింటే దేవత ఒప్పుకున్నట్టు. తినకపోతే వెనుదిరగాల్సిందే. పూజ చేసే దిశారి బుధు చంకలో కోడితో సిద్ధంగానే ఉన్నాడు. తను పరీక్షించిన దీపాన్ని కోడి పరీక్షించడమేమిటని సమూయేలుకు ఒళ్లు మండింది. దొరసాని మాత్రం పిల్ల ముఖం చూసి, "చూడనివ్వండి, తొందరగా" అంది.

వసారాలో బుధు పేడతో నేల అలికి, ఆ తడి మీద వెలుగుతున్న దీపం పెట్టించి, చుట్టూ బియ్యం చల్లాడు. కోడి హాయిగా తింటోంది. సోములమ్మ ముఖం విప్పారింది. దీపం అడుగున ఉన్న ఇత్తడి దిమ్మకు అంటుకున్న గింజ ఒకటి మిగిలింది. కోడి దాన్ని పొడిచింది. పొడిచి, కెవ్వుమని బుధు తల మీదుగా ఎగిరి దూలమెక్కి కూర్చుంది.

"దేవత వద్దంటంది" అన్నాడు బుధు. మోసేవాళ్లు డోలీ ఎత్తారు.

ఆ పిల్ల కొండెక్కితే మళ్లీ ప్రాణంతో దిగదని అక్కడున్న అందరికీ తెలుసు. సమూయేలు తడినేల వంక చూశాడు. కోడి నిలబడింది తడినేల మీద, తను ఇన్నాళ్లూ నిలబడింది కరెంటు దాటని ఎండు టేకు మీద.

"పీట మీద నిలబడే సూసేవోణ్ణమ్మగారూ. మొదట్నించీ అంతే" అన్నాడు నెమ్మదిగా.

దొరసాని ఇంజను వైపు వేలు చూపింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. పరుగున వెళ్లి కరెంటు ఆపి, దిమ్మ విప్పి చూశాడు. తీగ మీది గుడ్డ అరిగిపోయి లోపలి రాగి ఇత్తడికి తగులుతోంది. ఆ ముక్క కోసి పారేసి, కొత్త తీగ బిగించి, డోలీకి అడ్డంపడ్డాడు.

"కోడి సెప్పింది నిజమేనమ్మా. తప్పు నాది. బాగు సేసినాను, మరొక్కసారి సూడండి."

"కోడి దిగదు" అన్నాడు బుధు పైకి చూసి. అది దిగే ఆలోచనలో లేదు.

"అయితే నాను సూత్తాను."

"గింజలు కూడా తినాల మరి" అన్నాడు బుధు. పద్ధతి విషయంలో అతను రాజీపడే రకం కాదు.

గంట కొట్టిన చర్చివాడు దేవత ముందు చల్లిన గింజలు తినడమా. డోలీలో పిల్ల మూలిగింది. సమూయేలు చొక్కా చేతులు పైకి మడిచి, వట్టి కాళ్లతో ఆ పేడ తడిలో గొంతుక్కూర్చున్నాడు. మళ్లీ కరెంటు పెట్టారు. కళ్లు గట్టిగా మూసుకుని చేతి వెనకవైపు ఇత్తడికి ఆనించి అలాగే ఉంచాడు. ఏమీ కాలేదు. రెండో చేత్తో దిమ్మ మీది గింజ తీసి నోట్లో వేసుకుని నమిలాడు.

డోలీ కిందికి దిగింది. కానీ సోములమ్మ ఇంకో మెలిక పెట్టింది, కోసినంతసేపూ ఆ దీపం సమూయేలే పట్టుకోవాలని. పట్టుకున్నాడు. వణికిపోతూనే పట్టుకున్నాడు. నీడలు ఊగిపోతున్నాయని దొరసాని కసురుతూనే గడ్డ కోసి చీమంతా తీసింది.

అంతా అయ్యాక పిల్ల కళ్లు తెరిచి నీళ్లడిగింది. సమూయేలు వసారాలో గోడకు చేరగిలబడిపోయి, బిగుసుకున్న వేళ్లు విప్పుకుంటున్నాడు. సోములమ్మ వచ్చి పక్కన కూర్చుని, ఆ చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని రుద్దసాగింది.

"బయమేసింది కదా బాబూ" అంది.

"ఏసిందమ్మా."

"కోడికీ ఏసింది. నువ్వు ఎగిరిపోనేదు."