ఈశ్వరి రుచి చూడని సాంబారు

నరసన్నపేటకు దగ్గర్లోని ఓ ఊరి హైస్కూల్లో ఈశ్వరి పదకొండేళ్లుగా మధ్యాహ్న భోజనం వండుతోంది. ఆమె పెట్టే సాంబారంటే పిల్లలు రెండోసారి కంచం చాపేవారు.

రెండేళ్ల కిందట వానాకాలంలో ఒక పొద్దున చద్దన్నంలో ఎండుచేప నంజుకుని బడికి బయలుదేరింది. దారిలోనే ముఖం కందిపోయి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. చేప పడలేదనుకుంది. తర్వాత టమాటా పడలేదు, ఆ తర్వాత ఊరగాయ. ఒకరోజు ఏమీ తినకుండానే, పొయ్యి సెగకే కడుపు మెలిపెట్టి, కళ్లు తిరిగి పడిపోయింది. ఊళ్లో ఎవరి మందూ పనిచెయ్యలేదు. "పనికెళ్లడం ఇష్టం లేక కాదు గదా?" అన్నాడు భర్త దేవేంద్ర. ఆ మాట ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది.

చివరికి విశాఖపట్నంలో ఒక డాక్టరమ్మ రక్తపరీక్షలు చేయించి, మాస్ట్ సెల్ యాక్టివేషన్ సిండ్రోమ్ అని తేల్చింది. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలు ఊరికే రెచ్చిపోతున్నాయట. రోజూ మాత్రలు వేసుకోవాలి. ఊపిరాడకపోతే తొడలో పొడుచుకునే ఇంజెక్షను ఎప్పుడూ దగ్గరుండాలి. ఏది పడుతుందో, ఏది పడదో మనిషికో తీరుగా ఉంటుందని, తిన్నదల్లా రాసుకుంటూ తెలుసుకోమని చెప్పింది. పులిసినవి, పులుపు వేసినవి, నిలవున్నవి తనకు పడవని ఈశ్వరికి కొన్ని నెలల్లోనే అర్థమైంది. అప్పుడే దించిన అన్నం, బీరకాయ కూర, పెసరపప్పు. అంతే తినేది.

బళ్లో పిల్లలకు వడ్డించే ముందు వండినవాళ్లు రుచి చూడాలి. ఆ పని తోటి వంటామె అసిరమ్మ చేసేది. ఈశ్వరి జబ్బు సంగతి అసిరమ్మకు తప్ప బళ్లో ఎవరికీ తెలియదు. తెలిస్తే పనిలోంచి తీసేస్తారని ఈశ్వరి భయం.

మొన్న శ్రావణంలో ఒక పిల్లాడికి వాంతులయ్యాయి. మర్నాడు వాడి తల్లి రాణి మరో నలుగురిని వెంటేసుకుని వంటపాక దగ్గరికి వచ్చింది.

"నువ్వు వండింది నువ్వే తినవంట గదా. మా పిల్లలకేటి పెడతన్నావు?"

హెడ్మాస్టరు మురళీమోహన్ కూడా అక్కడే నిలబడి ఈశ్వరి వైపు చూశాడు. ఆమె కుండ మూత తీసింది. గరిటెడు సాంబారు గిన్నెలో పోసుకుంది.

"ఒద్దే, ఈశ్వరీ," అంటూ అసిరమ్మ చెయ్యి పట్టుకోబోయింది. అప్పటికే ఈశ్వరి తాగేసింది.

ఐదు నిమిషాల్లో పెదాలు ఉబ్బాయి. గొంతు పూడుకుపోయి మాట రాలేదు. అసిరమ్మ, ఈశ్వరి సంచిలోంచి ఇంజెక్షను తీసి, చీర మీదనుంచే తొడలో పొడిచింది. అంబులెన్సు వచ్చేదాకా రాణి గోడకానుకుని నిలబడింది.

రెండో రోజు హెడ్మాస్టరు ఆసుపత్రికి వచ్చాడు. "ముందే చెప్పాల్సింది కదమ్మా. ఆ పిల్లాడికి వచ్చింది విషజ్వరం. నీ వంట వల్ల కాదు."

"సెప్తే ఉంచుతారేటి సార్, నన్ను?"

ఆయన మంచం పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. "ఏమో. ఇప్పుడు మాత్రం ఉంచుతాను," అన్నాడు.

రుచి చూడడం అసిరమ్మ పనేనని కాగితం మీద రాశారు. పొయ్యి సెగ తగలకుండా ఈశ్వరికి కూరగాయలు కోసే పని, వడ్డన అప్పగించారు. రాణి ఇప్పటికీ ఎదురుపడితే తల దించుకుని పోతుంది. ఆ పూట తాను చేసింది కూడా మొండితనమేనని ఈశ్వరికి తెలుసు.

ఇంట్లో దేవేంద్ర ఎండుచేప వాసన ఆమె దాకా రాకుండా పెరట్లో వండుకుంటున్నాడు. పొద్దున్నే అన్నం దించి ఆమెను లేపుతున్నాడు. కిందటి వారం పెసరపప్పు తిన్నాక ఆమె మెడ దగ్గర దురద మొదలైంది.

"ఇదీ పోతే ఏటి తింటాను?" అంది.

"సూద్దాం. డాక్టరమ్మకి ఫోన్ సేత్తాను. ముందా బీరకాయ తిను, సల్లారిపోతంది," అన్నాడతను.

ఆమె కంచం దగ్గరికి లాక్కుని నెమ్మదిగా తినసాగింది.